నలభై గంట్లు

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం పదకొండున్నరకి, ఇంగ్లండులోని డడ్లీ మార్కెట్ వెనక ఉన్న హాలులో, నోరీన్ ట్రాంటర్ తన భర్త బేస్ గిటారును స్టాండు మీంచి తీసి, చంకలో పెట్టుకుని, మెట్లు దిగి బయటికి వెళ్లిపోయింది. హాలులో రెండు వందల మంది దాకా ఉన్నారు. ఎవరూ ఆపలేదు. ఆవిడదే కదా అనుకున్నారు.

ఆవిడదే. భర్త క్లెమ్ ట్రాంటర్ పోయి మూడేళ్లయింది. పిట్ బ్యాంక్ అనే బ్యాండులో మొదటినించీ చివరిదాకా బేస్ వాయించింది ఆయనే. హెవీ మెటల్ వినేవాళ్లకి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు చెప్పనక్కర్లేదు. విననివాళ్లు కూడా ఏదో ఒకనాడు ఆయన స్పీకర్ల దెబ్బకి కిటికీలు మూసుకున్నవాళ్లే.

ఆ రోజు ఆయన సామానంతా హాలుకి తెచ్చారు. రెండు యాంప్‌లు. పొయ్యికి పూసే నల్లరంగు పూసిన నాలుగు స్పీకరు పెట్టెలు. ఫ్యూజులు దాచుకున్న పొగాకు డబ్బా. నోరీన్ వాల్సాల్‌లో తోలు కార్ఖానాలో పనిచేసే రోజుల్లో గుర్రపు జీను తోలుతో కుట్టిచ్చిన భుజం పట్టీ. వీటన్నిటి మధ్యా స్టాండు మీద గిటారు. కుడి మోచెయ్యి ఆనేచోట నల్లరంగు పోయి చెక్క బయటపడింది. తీగలు ఆయన పోయిననాడు ఉన్నవే. తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు. మార్చాల్సివస్తే నెల్లాళ్లు మొహం ముడుచుకు తిరిగేవాడు. "చర్చి గంటల్లా మోగుతోంది. మనమేమైనా పెళ్లి చేస్తున్నామా?" అనేవాడు.

స్టాండు వెనక గోడకి వరసగా నలభై గిటార్లు వేలాడదీశారు. అన్నీ నల్లవే. అన్నిటికీ మోచెయ్యి ఆనేచోట రంగు పోయింది.

ప్రెంటిస్ అండ్ లోవెల్ అనే కంపెనీ చేసి, ఆ రోజు జనానికి చూపించి అమ్మడానికి పెట్టిన కాపీలు అవి. కొత్త గిటారు చేసి, దాన్ని అరగదీసి, పేరున్నవాళ్ల పాత గిటారు మీద ఎన్ని గీతలుంటే అన్నీ దించి అమ్మడం ఆ కంపెనీ పని. మెరిసే కొత్తదానికంటే ఇలా అరిగినదానికే ధర ఎక్కువ. కిందటి వేసవిలో బ్యారీ హింగ్లీ వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నోరీన్ నమ్మలేదు. బ్యారీ ఆ బ్యాండులో గిటారిస్టు, క్లెమ్‌కి చిన్ననాటి స్నేహితుడు.

"అరగదీసి అమ్ముతారా? ఈసారి అరిగిన జోళ్లు కూడా అమ్ముతారేమో," అంది.

"క్లెమ్ జోళ్లయితే అమ్ముతారు పిల్లా," అన్నాడు బ్యారీ. ఆమెకి అరవై అయిదు. బ్యారీ ఆమెని మొదటిసారి చూసింది ఆమె పదహారో ఏట. అప్పటినించీ పిల్లా అనే పిలుస్తాడు. "అచ్చం అలాగే చేస్తారట. పిల్లలు కొనుక్కుని వాయిస్తారు. ముందుగదిలో దుమ్ముకొట్టుకుపోవడం కంటే నయం కాదూ?"

నయమే అనిపించింది. కంపెనీవాళ్లు గిటారును నెలపాటు తీసుకెళ్లి కొలతలు తీసుకుని జాగ్రత్తగా తెచ్చి ఇచ్చారు. అచ్చం అలాగే అంటే ఆకారం, బరువు, మోత అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ శనివారం హాలులో ఆమె ముందు తన పట్టీని చూసుకుంది. కుట్టు చెక్కుచెదరలేదు. తరవాత గోడ దగ్గరికి వెళ్లి మొదటి కాపీని చూసింది. కింది అంచు చూసింది. రెండోది చూసింది. అక్కణ్ణించి ఒక్కొక్కదాని కింది అంచే చూసుకుంటూ నడిచింది. క్లెమ్ గిటారుకి ఉన్నట్టే ప్రతిదానికీ గంటు ఉంది. బొటనవేలు పట్టేంత గంటు. చెక్క లోపలికి దిగి, ఒక పక్కకి చీలి ఉంది.

"బాగా కుదిరింది కదండీ?" అంది పక్కన నిలబడ్డావిడ. ముప్పై అయిదేళ్లుంటాయి, గోళ్లలో నల్లరంగు. తన పేరు హెస్టర్ లాంబ్ అని, కంపెనీలో చెక్కపని చూసేది తనే అని చెప్పింది.

"ఏది కుదిరింది?"

"ఆ గంటు. అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించింది అదే. ముందు ఉలితో చెక్కాం. ఉలితో చెక్కినట్టే కనబడింది. దెబ్బ తగిలితే చెక్క వేరేగా చీలుతుంది కదా. అందుకని డ్రమ్మరు కంచు తాళం నిలబెట్టే స్టాండు, అప్పటి రకం సింబల్ స్టాండు, వెతికి పట్టుకున్నాం. పట్టాల్లాంటివి చేసి, దాన్ని వాటి మీంచి జారవిడిచి కొట్టాం. అదే కోణం, అదే వేగం."

"ఎన్నిసార్లు?"

"ఒక్కో గిటారుకీ ఒక్కసారే. రెండోసారి కొడితే పాడైపోతుంది."

"అంటే నలభై సార్లు."

"నలభై మూడు. మూడు సరిగ్గా రాలేదు."

నోరీన్ గోడవైపే చూస్తూ అడిగింది. "ఆ గంటు పడ్డరోజు వ్యానులో ఎవరున్నారో నీకు తెలుసా?"

"తెలుసండీ. పత్రికలో చదివాం. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాం. కొట్టేముందు ప్రతిసారీ ఒక నిమిషం మౌనంగా నిలబడేవాళ్లం."

"నిలబడి?"

హెస్టర్‌కి ప్రశ్న అర్థం కాలేదు.

"ఒక నిమిషం నిలబడి, తరవాత కొట్టేవాళ్లా?"

"అవునండీ," అంది హెస్టర్.

నోరీన్ స్టాండు దగ్గరికి నడిచింది.

ఆ గంటు 1981 నవంబరులో పడింది. బ్యాండు హ్యాన్లీలో వాయించి తిరిగొస్తోంది. వ్యాను క్లెమ్ నడుపుతున్నాడు, పక్కన బ్యారీ. డ్రమ్మరు విన్స్ ఫెల్లోస్ వెనక సామాను మధ్య పడుకున్నాడు. వయసు ఇరవై రెండు. నోరీన్ తమ్ముడు. డ్రమ్మరు వెనక పడుకోవడం ఆ బ్యాండులో ఆనవాయితీ. అందుకే సామాను ఎక్కించడానికి ఒక వరస ఉండేది. స్పీకరు పెట్టెలు ముందు, సీట్ల వెనక గోడకి ఆనించి. తరవాత డ్రమ్ములు. ఆఖర్న పరుపు, పరుపు మీద విన్స్. ఆ రోజు మాత్రం క్లెమ్ వరస మార్చమన్నాడు. ఒక స్పీకరు పెట్టెలో బరబరమంటూ చప్పుడు వస్తోంది. పొద్దున్నే రిపేరు షాపులో దించెయ్యాలి, అందుబాటులో ఉండాలి కాబట్టి దాన్ని ఆఖర్న, తలుపు దగ్గర పెట్టమన్నాడు. తాడు వెయ్యలేదు. స్టాఫర్డ్ దాటాక మంచులో ఆగి ఉన్న లారీ కనబడి క్లెమ్ బ్రేకు తొక్కాడు. వ్యాను లారీకి తగల్లేదు. పెట్టె ముందుకి, విన్స్ మీదికి వచ్చింది. దానితోపాటు సింబల్ స్టాండు కూడా వచ్చి, కాలు గిటారులో దిగింది. గిటారు విన్స్ పక్కనే ఉంది.

పత్రికకి ఈ కథ చెప్పింది బ్యారీ, క్లెమ్ పోయిన నెలలో.

హాలు బయట కార్లు నిలిపేచోట కంపెనీ యజమాని గైల్స్ ప్రెంటిస్ నోరీన్‌ని అందుకున్నాడు. కోటు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మిసెస్ ట్రాంటర్, ఒక్క నిమిషం."

"మీ కంపెనీలో అందరికీ ఒక్కొక్క నిమిషం అలవాటులా ఉందే."

"ఏదైనా పొరపాటు జరిగితే చెప్పండి. సరిచేస్తాం."

"ఆ గంటు తీసెయ్యండి. నలభైకీ."

ఆయన చలికి చేతులు రుద్దుకున్నాడు. "అది లేకపోతే అది క్లెమ్ గిటారే కాదండీ. కొనేవాళ్లు మొట్టమొదట అడిగేది దాని గురించే."

"ఏమని అడుగుతారు?"

"అది ఉందా అని."

"ఉంటే?"

"కొంటారు. సగానికి పైగా ఇప్పటికే బేరం కుదిరిపోయాయి. మీరు సంతకం పెట్టారు కదండీ. అచ్చం అలాగే చేస్తామని మేం ముందే చెప్పాం."

"పెట్టాను. గిటారు అమ్ముతారనుకున్నాను. నా తమ్ముడు చచ్చిపోవడం కూడా కలిపి అమ్ముతారనుకోలేదు."

"మేం దాన్ని అలా చూడలేదు."

"ఎలా చూశారు నాయనా? కొలతబద్ద పెట్టి చూశారు. మీ చెక్కపని అమ్మాయి చెప్పిందిలే."

"అసలుది పక్కన ఉంటేనే కదండీ జనానికి నమ్మకం," అన్నాడు ప్రెంటిస్. "సాయంత్రం దాకా ఉంచండి. ఫొటోలు తీసుకోవాలి."

"మీరు అమ్ముకునేది అమ్ముకోండి. నాది నేను తీసుకుపోతున్నా," అని నోరీన్ రోడ్డు దాటింది.

ఆమెకి కారు నడపడం రాదు. 1981 తరవాత నేర్చుకోవాలనిపించలేదు. బస్సు ఎక్కింది. గిటారుకి తొడుగు లేదు, అది హాలులోనే ఉండిపోయింది. డ్రైవరు గిటారు వంక చూసి, ఆమె వంక చూసి, "దానికి కూడా టికెట్టు కొట్టనా అమ్మా?" అన్నాడు.

"అది నించుంటుంది."

"అది ట్రాంటర్‌ది కదూ? మీరు మిసెస్ ట్రాంటరా? మా నాన్న దగ్గర ఆయన రికార్డులన్నీ ఉన్నాయి. ఇప్పటికీ ఆదివారం పొద్దున పెట్టి మా అమ్మ చేత తిట్లు తింటాడు." కొంచెం వంగి కింది అంచు చూశాడు. "ఇదేనా ఆ దెబ్బ? వ్యాను ప్రమాదంలోది?"

"ఇదే."

"అబ్బ. చేత్తో పట్టుకుని చూపిస్తారని కల్లో కూడా అనుకోలేదు."

"అందులో పోయినతని పేరేంటి?" అని అడిగింది నోరీన్.

డ్రైవరు ఆలోచించాడు. వెనక ఒకాయన బస్సు కదల్చమని కేకేశాడు. "డ్రమ్మరు కదండీ. పేరు గుర్తు రావడం లేదు."

"విన్స్. విన్స్ ఫెల్లోస్."

"మా నాన్నకి తెలిసే ఉంటుంది," అన్నాడు డ్రైవరు.

"అడిగి చూడు," అంది నోరీన్, వెళ్లి కూచుంది.

ఆమె ఇంటికి వెళ్లలేదు. నెదర్టన్‌లో దిగి బ్యారీ ఇంటికి నడిచింది. పెరట్లో బ్యారీ చెక్కపని షెడ్డు ఉంది. బ్యాండులోకి రాకముందు అతను ఇనుప పోత కార్ఖానాలో చెక్క అచ్చులు చేసేవాడు. పనిముట్లన్నీ ఇంకా ఉన్నాయి. తాళంచెవి పూలకుండీ కింద ఉంటుందని ఆమెకి తెలుసు. లోపలికి వెళ్లి, గిటారును బల్ల మీద పెట్టి, నూనె పొయ్యి వెలిగించి, స్టూలు మీద కూచుంది.

బ్యారీ ఒంటిగంటన్నరకి వచ్చాడు.

"నువ్వెళ్లిపోయాక అక్కడ ఏమైందో తెలుసా? నన్ను మైకు ముందు నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేనేం చెప్పను? మా నోరీన్ గిటారు పట్టుకుని పారిపోయిందని చెప్పనా?"

"నీకు మాటలు కరువేంటి. పత్రికవాళ్లకి చెప్పావుగా."

బ్యారీ టోపీ తీశాడు. "అదా కోపం."

"అదొకటి. క్లెమ్ చచ్చేదాకా ఆ మాట బయటపెట్టలేదు. ఆయన పోయిన నెల తిరక్కుండా నువ్వు పెట్టావు."

"జనానికి తెలియాలనుకున్నా. విన్స్‌ని అందరూ మర్చిపోతున్నారని."

"తెలిసింది. గంటు సంగతి అందరికీ తెలిసింది. ఇందాక బస్సు నడిపేవాడికి కూడా తెలుసు. విన్స్ పేరు మాత్రం వాడికి తెలీదు. అక్కడ ఆ ఆడమనిషి సింబల్ స్టాండు పెట్టి నలభై మూడుసార్లు కొట్టింది బ్యారీ. కొట్టేముందు ప్రతిసారీ మౌనం పాటించారట. చర్చిలోలాగా."

"స్టాండుతో కొట్టారా?" అన్నాడు బ్యారీ. "నాకు చెప్పలేదు. ఉలితో చెక్కారేమో అనుకున్నా."

"గంటు కూడా దించుతారని నీకు ముందే తెలుసన్నమాట."

బ్యారీ పొయ్యి వైపు తిరిగాడు. కెటిల్‌లో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. రెండు కప్పులు తీసి, ఒకటి చొక్కాతో తుడిచాడు. "తెలుసు," అన్నాడు తరవాత. "నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు."

"నాకు టీ వద్దు."

"మరేం కావాలి?"

"దీన్ని పూడ్చు."

బ్యారీ బల్ల మీది గిటారు వైపు చూశాడు. "క్లెమ్ చంపేస్తాడు."

"రమ్మను."

పొయ్యి మీద నీళ్లు మరిగాయి. బ్యారీ కెటిల్ దించలేదు.

ప్రమాదం జరిగిన మరుసటేడు నోరీన్ క్లెమ్‌ని ఒకసారి అడిగింది, దాన్ని పూడ్పించమని. అప్పుడు ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. ఆయన వేళ్లకి జిగురు రాసుకుంటున్నాడు. వరసగా రోజూ వాయిస్తే వేలికొసలు చీలిపోయేవి, జిగురు రాసి ఆరబెట్టుకునేవాడు. తల ఎత్తకుండా "అది నాది" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తరవాత ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఆ గంటు జనానికి కనబడేలా గిటారు వంచి వాయించాడు. ఎందుకని ఎవరడిగినా, అది నాది అనేవాడు, అంతే. అది తను వేసుకున్న శిక్ష అని నోరీన్‌కి తెలుసు. ఇంటికొచ్చాక ఆ గిటారు ముందుగదిలో, సోఫాకి ఎదురుగా ఉండేది. ఆమె రోజూ పొద్దున తెర తియ్యడానికి ఆ గదిలోకి వెళ్లాలి. ఆ శిక్ష ఆమెకి కూడా పడుతోందని ఆయన ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే ఆమెతో అనేవాడు.

"నీకు గుర్తుందా," అంది బ్యారీతో, "అది నాది అనేవాడు."

"అనేవాడు."

"ఆయనది కాదు. పెట్టె వెనక పెట్టమన్నది ఆయన. బండి నడిపింది ఆయన. పోయింది నా తమ్ముడు. అది ఉంచాలో తియ్యాలో ముందు నన్నడగాలి. ఆయన అడగలేదు. నువ్వు అడగలేదు. ఆ కోటు లేనివాడు సంతకం అడిగాడు, ఇది అడగలేదు. ముప్పై ఏళ్లు నోరు మూసుకున్నా. ఇప్పుడు చెబుతున్నా. పూడ్చు."

బ్యారీ కళ్లద్దాలు పెట్టుకుని గంటులో వేలు పెట్టి చూశాడు.

"లప్పం పెడితే నిలవదు. ఏడాదికి ఊడొస్తుంది," అన్నాడు. "చీలిన చెక్కంతా కోసేసి, చదరంగా చేసి, కొత్త ముక్క అతకాలి. ఒకసారి కోశామా, మళ్లీ కావాలన్నా ఆ గంటు రాదు. ఆలోచించుకో పిల్లా. దేశంలో ఇలాంటిది ఇదొక్కటే."

"నలభై ఒకటి," అంది నోరీన్.

అతను కిటికీ కింద చెక్కల్లో వెతికి మహాగని పలక ఒకటి లాగాడు. కార్ఖానా మూసేసినరోజు తెచ్చుకున్నది. అడ్డంగా పట్టుకుని, గిటారు చెక్క గీతలూ పలక గీతలూ ఒకవైపే పోతున్నాయా అని చూశాడు. పెన్సిలుతో గంటు చుట్టూ చదరం గీశాడు. ఉలి తీసి, బొటనవేలి గోటి మీద పదును చూసి, గీత మీద ఆనించాడు. కొయ్యసుత్తి ఎత్తాడు. దించాడు.

"నా వల్ల కాదు," అన్నాడు. "నేను ఆ వ్యానులో ఉన్నా కదా."

"ఉలి కదలకుండా పట్టుకో."

"నోరీన్."

"వాళ్లు నలభై మూడు కొట్టారు. ఇది నేను కొడతా."

ఆమె ముప్పై ఏళ్లు తోలు కార్ఖానాలో సుత్తి పట్టింది. ఒక్క దెబ్బకి ఉలి గీత వెంట దిగింది. మిగతా మూడు వైపులు కూడా ఆమే కొట్టింది. చీలిన ముక్క బల్ల మీద పడింది. దాన్ని ఏం చెయ్యమంటావని బ్యారీ అడిగాడు. నోరీన్ ముక్క తీసి నూనె పొయ్యి తలుపు తెరవబోయింది. అది కట్టెల పొయ్యి కాదని, షెడ్డు అంటుకుంటుందని బ్యారీ అన్నాడు. ముక్కని కోటు జేబులో వేసుకుంది.

మిగతా పని బ్యారీ చేశాడు. కొత్త ముక్క కోసి, అమరేదాకా మూడుసార్లు చిత్రిక పట్టి, బంక రాసి బిగించాడు. నోరీన్ స్టూలు మీదినించి లేవలేదు. అతని భార్య బఠాణీలు, పంది మాంసం వండి రెండు పళ్లేల్లో పెట్టి తెచ్చింది. గిటారు చూసింది. ఏమీ అడక్కుండా పళ్లేలు పెట్టి వెళ్లిపోయింది. ఇద్దరూ తిన్నారు.

ఆదివారం బంక ఆరింది. సోమవారం బ్యారీ గరుకు కాగితం పట్టి నల్లరంగు వేశాడు. మంగళవారం రెండో పూత వేశాడు. అరగదీయలేదు. ఆ చోట రంగు మిగతా గిటారుకంటే కొత్తగా మెరుస్తూ ఉంది. కలిసిపోయేలా చెయ్యనా అని అడిగాడు. వద్దంది.

గురువారం గైల్స్ ప్రెంటిస్ ఒక ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. పూలు తెచ్చాడు. శనివారం జరిగినదానికి క్షమించమన్నాడు. గిటార్లతోపాటు కొనేవాళ్లకిచ్చే పుస్తకంలో వెయ్యడానికి అసలు గిటారు ఫొటోలు కొన్ని చాలన్నాడు. హెస్టర్ రాలేదు.

నోరీన్ ముందుగదిలోకి తీసుకెళ్లింది. గిటారు సోఫాకి ఎదురుగా ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ప్రెంటిస్ మోకాళ్ల మీద కూచుని కింది అంచు చూశాడు. ఇటుపక్కనించీ అటుపక్కనించీ చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"ఎక్కడుంది?" అన్నాడు.

"ఏది?"

"ఆ గంటు, మిసెస్ ట్రాంటర్."

"మీ దగ్గర నలభై ఉన్నాయి కదా," అంది నోరీన్. "నాకు ఒక్కటీ అక్కర్లేదు."

ఆయన లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు. నేనే అంది. ఇది చరిత్రని చెరపడం అన్నాడు. ఆ చరిత్రలో డ్రమ్మరు పేరు చెప్పమంది. ఆయన చెప్పాడు. పేరు సరిగ్గానే చెప్పాడు, ఇంటిపేరుతో సహా. నోరీన్ ఆయన వైపు తిరిగింది. తరవాత, "ఆ పేరు మీ గిటార్ల మీద ఎక్కడైనా వేశారా?" అని అడిగింది. ఆయన మళ్లీ గిటారు కింది అంచు వైపు చూశాడు.

ఫొటోగ్రాఫరు గుమ్మంలో నిలబడి, తియ్యమంటారా వద్దా అని అడిగాడు. నోరీన్ తియ్యమంది. కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగింది. గిటారును తనే ఎత్తి, కింది అంచు వెలుతుర్లోకి వచ్చేలా పట్టుకుంది. అతను పదకొండు ఫొటోలు తీశాడు.

పుస్తకం ఏప్రిల్‌లో వచ్చింది. వాటిలో ఒక్కటీ అందులో వెయ్యలేదు.